పదిహేనో నంబరు మట్టి

సరోజమ్మ పెరట్లో ఎర్ర తోటకూరకి ఒక్క ఆకైనా చిల్లుపడదు. చిలకమ్మ పెరట్లో చిల్లులేని ఆకు కోసం వెతుక్కోవాలి. రెండిళ్ళ మధ్యా ఉన్నది నడుమెత్తు గోడ. ఇద్దరికీ ఒకే కొళాయి, ఒకే ఎండ, న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లన్నిటి మీదా కురిసే ఒకే బొగ్గు నుసి. అయినా పురుగులకి గోడకి ఏ పక్క భోంచెయ్యాలో బాగా తెలుసు. పొద్దున్నే వేపపుల్ల నములుతూ చిలకమ్మ ఆ పక్కకి చూస్తుంది. చూసినందుకు తన మీద తనకే కోపం వచ్చి పుల్ల అవతల పారేస్తుంది. తెల్లారితే మళ్ళీ చూస్తుంది.

పైగా ఇంట్లో అత్త ఒకత్తె. దాలమ్మకి పళ్ళు నాలుగే మిగిలాయి గాని రుచులు మాత్రం పోలేదు. గోడ మీంచి సరోజమ్మ అందించిన కూర వండిన రోజున ముసలమ్మ కంచం ఖాళీ చేసి, వేళ్ళు నాకి మరీ చెబుతుంది.

"సరోజమ్మ కూర ఎన్నపూసే. నువ్వూ ఏస్తావు తోటకూర, గడ్డి నమిలినట్టుంటాది."

"అయితే ఆల్లింట్లోనే తినీ."

"పిలిస్తే ఎల్లనేటి?"

పిలుస్తుంది కూడా. చిలకమ్మ బాధంతా అదే. సరోజమ్మ కాస్త గర్విష్ఠి అయితే నలుగురితో చెప్పుకుని కడుపుమంట చల్లార్చుకోవచ్చు. ఆ వీలూ లేదు. ఏటా జనవరిలో జరిగే క్వార్టర్ల తోటల పోటీలో మూడేళ్ళ వరసన బహుమతి ఆవిడదే. మొదటేడు బకెట్టు, రెండో ఏడు ఫ్లాస్కు, నిరుడు గోడ గడియారం. చిలకమ్మ మొగుడు నూకయ్య టైఫాయిడ్‌తో ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఆ ఫ్లాస్కు పదిరోజులు చిలకమ్మ చేతిలోనే ఉంది. అందులోంచి మొగుడికి వేడి పాలు పోస్తూ కూడా ఆవిడ దాన్ని క్షమించలేకపోయింది.

సరోజమ్మ తన తోట రహస్యం దాచుకోలేదు. "బూడిద సల్లు వదినా, అంతే" అంది అడిగిన మొదటిరోజునే. బూడిద ఎవరు చల్లరు? చిలకమ్మా చల్లుతుంది, తన బొగ్గుల పొయ్యిలోది. కాకపోతే సరోజమ్మ చల్లేది వేరు. ఆవిడ మొగుడు ఆమోసు వర్క్‌షాపులో ఫిట్టరు. సెలవురోజుల్లో పాతసామాన్ల వాడి దగ్గర చచ్చిపోయిన బ్యాటరీల పలకలు కొని తెచ్చి, పెరట్లో ఇనప మూకుట్లో కరిగించి, విసురు వలలకి కట్టే సీసం గుళ్ళు పోస్తాడు. చుట్టుపక్కల చెరువుల్లో వల వేసే మన తెలుగువాళ్ళందరికీ ఆమోసు గుళ్ళే కావాలి. ఆ పొయ్యి బూడిదా, మూకుడు మీద తేలిన తెట్టూ కలిపి దంచి సరోజమ్మ మళ్ళలో జల్లుతుంది. మెత్తగా, తెల్లగా, చేతికి బరువుగా ఉంటుంది. చిలకమ్మ ఆ మాట నమ్మలేదు. అంత తేలిగ్గా చెప్పేసిందంటే అసలు సంగతి ఇంకేదో దాచిందనే అనుకుంది.

డిసెంబరు మొదట్లో ఒక గురువారం నాడు విల్‌ఫ్రెడ్ సైకిలు దిగాడు. యాభై దాటిన మనిషి, పూరీ గేట్‌లో కాపరం, కాలేజీ మట్టి లాబొరేటరీలో అటెండరు. హ్యాండిలుకి గుడ్డ సంచులు వేలాడుతున్నాయి.

"ఈ లైన్లో ఇరవై ఇళ్ళ మట్టి తీసుకెళ్తున్నామమ్మా. ఏ మట్టి ఎంత ఆరోగ్యంగా ఉందో పరీక్ష చేసి, ఎవరి కాగితం వాళ్ళకి రాసిస్తారు మా బాబుగారు" అన్నాడు.

"మనిసికి సేసినట్టు మట్టికీ పరీచ్చ ఏటి బాబూ?" అంది చిలకమ్మ.

"మనిషి తినేది దాంట్లోంచే కదమ్మా."

ఆ తర్వాత అతనింకా ఏవో చెప్పాడు. మట్టిలో ఉండకూడని లోహాలుంటాయని, కంటికి కనిపించవని. చిలకమ్మ చెవిలో పడ్డది కాగితం ఒక్కటే. తోటల పోటీకి వచ్చే దొరలు పైపైన ఆకులు చూసి పోతారు. ఇది అలా కాదు. కాలేజీ వాళ్ళు మట్టిని చూసి రాసిచ్చే కాగితం. అది కూడా సరోజమ్మ గోడకే ఎక్కుతుందని అప్పుడే ఆవిడకి తెలిసిపోయింది. గడియారం పక్కనే మేకు కొడతారు.

విల్‌ఫ్రెడ్ పద్ధతి గల మనిషి. మళ్ళో అయిదు చోట్ల, ఓ మూల నుంచి ఇంకో మూలకి వంకరటింకరగా నడుస్తూ, జానెడు లోతున కోసుగా తవ్వి, ఆ గుంట పక్కల మట్టిని పలచగా చెక్కి తీశాడు. గోనె మీద పోసి కలిపి, రొట్టెలా పరిచి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు పారేశాడు. మిగిలింది మళ్ళీ కలిపి, మళ్ళీ అదే పని. దోసెడు మట్టి మిగిలేదాకా ఓపిగ్గా కూర్చున్నాడు. తవ్విన గుంటల్లో వానపాముల్ని లెక్కపెట్టి పుస్తకంలో రాసుకున్నాడు.

"మీ దాంట్లో నాలుగున్నాయమ్మా" అన్నాడు.

చిలకమ్మకి తల కొట్టేసినట్టయింది. సరోజమ్మ మళ్ళో ఒక్కటీ లేదు. ఎంత శుభ్రమైన మట్టి, అనుకుంది. తన మట్టిలోనేమో పాములు పాకుతున్నాయి, అదీ పరాయి మగాడి కళ్ళముందు.

సరోజమ్మ కూతురు ఎమిలీ గడపలో కూర్చుని ఇదంతా చూస్తోంది. అయిదేళ్ళ పిల్ల. ఆ వయసు పిల్లలు తవ్విన మట్టి చూస్తే ఊరుకోరు. ఇది మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని కూర్చుంది.

"మళ్ళీ నొప్పేటే?" అని సరోజమ్మ పిల్ల నుదురు తడిమింది. "నులిపురుగులకి మందేసినాం వదినా. అయినా తగ్గనేదు. తిండి సయించదు."

"సన్నపిల్లలకి మామూలే" అంది చిలకమ్మ, కళ్ళు పక్కింటి మడి మీంచి తియ్యకుండా.

మట్టి తడిగా ఉంటే పనికిరాదట. ఎండ తగలకుండా నీడలో ఆరాలట. రెండిళ్ళకీ కలిపి ముందున్న ఒకే వరండాలో రెండు పాత పేపర్లు పరిచి, రెండు కుప్పలు పోసి, ఒక్కోదాని కింద ఒక్కో చీటీ పెట్టాడు విల్‌ఫ్రెడ్. చిలకమ్మ ఇల్లు పధ్నాలుగు, సరోజమ్మ ఇల్లు పదిహేను. సోమవారం వచ్చి పట్టుకెళ్తానన్నాడు.

శుక్ర, శనివారాలు చిలకమ్మ ఆ రెండు కుప్పల్నీ దాటుకుంటూ తిరిగింది. ఆరేకొద్దీ రెండూ ఒక్కలాగే కనిపించసాగాయి. ఏదో తేడా ఉండాలి కదా అని వంగి చూసింది. మొగుణ్ణి పిలిచి చూడమంది.

"మట్టేనే. ఏటుంటాది?" అన్నాడు నూకయ్య. బాయిలరు షాపులో పనిచేసీ చేసీ అతనికి చెవులే కాదు, ఇంటి సంగతుల మీద ఆసక్తి కూడా మందగించింది.

ఆదివారం పొద్దున్న సరోజమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని, ఎమిలీని చంకనేసుకుని చర్చికి బయల్దేరింది. వెనకాల ఆమోసు.

"వదినా, కోడిపెట్టలు ఆ మట్టి కెలకకుండా కాస్త సూడు. నువ్వున్నావంటే నాకు దిగులుండదు."

కోడిపెట్టలు రెండుసార్లొచ్చాయి. చిలకమ్మ రెండుసార్లూ అదిలించింది. దాలమ్మ మంచమ్మీద కునుకు తీస్తోంది. చిలకమ్మ పేపర్ల ముందు గొంతుకూచుని, రెండు చీటీలూ లాగి, ఒకదాని చోట ఒకటి పెట్టింది. ఎంతసేపు పట్టింది? కాఫీ వడగట్టినంత సేపు కూడా కాదు. చేతులు కడుక్కుని తలుపుచాటున నిలబడింది. దొంగతనం చేసినట్టు అనిపించలేదు. మూడేళ్ళుగా తనదగ్గర్నుంచి ఎవరో పట్టుకుపోయింది తిరిగి తెచ్చుకున్నట్టే ఉంది. ఆపూట పులుసు కూడా బాగా కుదిరింది.

సోమవారం మట్టి పట్టుకెళ్ళిన తొమ్మిదో రోజు, మంగళవారం సాయంత్రం విల్‌ఫ్రెడ్ కాగితాలు తెచ్చాడు. చిలకమ్మ పొద్దుటే తలంటుకుని ఉంది. సరోజమ్మ పిండి చేతులతోనే వరండాలోకి వచ్చింది. కాగితాలు ఇంగ్లీషులో ఉన్నాయి, అతనే చదివి చెప్పాలి. పదిహేను ముందు తీశాడు.

"సరోజమ్మగారూ, మీ మట్టికి దోషం లేదు. నిశ్చింతగా తినొచ్చు."

చీటీ మార్చినా సరే, మంచిమాట సరోజమ్మకే వచ్చింది. దేవుడు కూడా ఆ పక్కనే కూర్చున్నాడనిపించి చిలకమ్మకి ఒళ్ళు మండింది.

విల్‌ఫ్రెడ్ కళ్ళజోడు సర్దుకుని రెండో కాగితం విప్పాడు. "పధ్నాలుగు. అమ్మా, మీది బాగోలేదు. సీసం చాలా ఎక్కువుంది. ఆకుకూరలు అసలు తినకూడదు. ఉన్నవి పీకేసి పాతిపెట్టండి. ఆవుకి కూడా వెయ్యొద్దు."

"మొక్కలు పచ్చగానే ఉన్నాయి గదా బాబూ?" అంది సరోజమ్మ, చిలకమ్మ తరఫున.

"మొక్కకేం కాదమ్మా, అదే దీని మోసం. తిన్నవాళ్ళకి కొంచెం కొంచెంగా ఎక్కుతుంది. పెద్దవాళ్ళు తట్టుకుంటారు. చిన్నపిల్లలైతే రక్తం తగ్గిపోతుంది, కడుపులో మెలిపెడుతుంది, ముదిరితే తలకెక్కి ఫిట్స్ వస్తాయి. మీ ఇంట్లో చిన్నపిల్లలు లేకపోవడం అదృష్టం." అతను పుస్తకం తిరగేశాడు. "నాకు అర్థం కానిది ఒకటుంది. మీ మట్టిలో నాలుగు వానపాములున్నాయని నేనే రాసుకున్నాను. ఇంత సీసమున్నచోట అవి బతకడం నేను చూడలేదు. కుప్పలు గాని కలిసిపోయాయా?"

చిలకమ్మ అప్పటికి మొత్తం అర్థం చేసుకుంది. కడుపులో మెలిపెడుతుంది అన్నప్పుడే అర్థమైంది. గడపలో పడుకున్న ఎమిలీ అటు తిరిగి ఉంది, మెడ మీద నరాలు పచ్చగా కనిపిస్తున్నాయి.

"తెల్దు బాబూ" అంది.

"ఇంటి దగ్గర సీసం కరిగిస్తారా ఎవరైనా?"

"మా ఆయన గుళ్ళు పోస్తాడు" అంది సరోజమ్మ. ఆవిడ మొహం పాలిపోయింది. "కానీ మా పెరట్లో గదా. పక్కింటికెలాగొస్తాది?"

విల్‌ఫ్రెడ్ గాలి ఎటు వీస్తోందో చూశాడు. చలికాలం ఉత్తరపు గాలి సరోజమ్మ పెరటి మీంచి చిలకమ్మ పెరట్లోకే కొడుతుంది. "పొగ అటు పడి ఉండొచ్చు" అన్నాడు, పూర్తిగా నమ్మకం కుదరని గొంతుతో. బాబుగారు కలకత్తా వెళ్ళారని, పైనెల రాగానే ఇంకోసారి మట్టి తీస్తానని, ఈలోగా ఆ కరిగించడం ఆపమని చెప్పి సైకిలెక్కాడు.

సరోజమ్మ వచ్చి చిలకమ్మ రెండు చేతులూ పట్టుకుంది. "మా పొగే నీ తోట తినేసినాది. నానేటి సెయ్యాల వదినా?"

అప్పుడు చెప్పేసి ఉండవచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కాని సరోజమ్మ తల వంచుకుని తన ముందు నిలబడటం ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి. అదెంత హాయిగా ఉందో చెప్పుకోడానికి సిగ్గుచేటు. రేపు చెప్పొచ్చులే అనుకుంది.

మర్నాడు పొద్దున్న సరోజమ్మ కొంగు బిగించి గోడ దాటి వచ్చింది. చిలకమ్మ తోటకూర, పాలకూర, వేలెడెత్తు లేచిన మెంతికూర, అన్నీ వేళ్ళతో సహా పీకింది. ఒక్కో మొక్కనీ మట్టి దులిపి వరసగా పెట్టింది, చచ్చిన మొక్కలకి కూడా మర్యాద చేస్తున్నట్టు. మట్టిగడ్డల్లోంచి వానపాములు బయటపడుతుంటే చిలకమ్మ వాటి మీద మట్టి కప్పుతూ కూర్చుంది.

"మా ఆయన పొయ్యి ఎత్తేసినాడు. ఇంకెప్పుడూ పొయ్యనన్నాడు" అంది సరోజమ్మ. "నీకు కూర లోటు రానియ్యను. మా మట్టి మంచిదేనన్నారు గదా, ఇద్దరికీ సరిపోతాది."

ఆ పూటే తోటకూర కట్ట గోడ మీదకొచ్చింది. ఎర్రగా, తళతళలాడుతూ, చిల్లులేకుండా. చిలకమ్మ దాన్ని తీసుకెళ్ళి వీధి కాలవలో పారేసింది. దాలమ్మ చూడనే చూసింది.

"ఒలే, నీ కుల్లు ఎంతకొచ్చినాదే. తినే కూర కాలవలో పోస్తావా? ఆ పిల్ల నీకోసం నడుం ఇరిగేలా పనిసేసినాది."

"నువ్వు దాన్ని తినొద్దు" అంది చిలకమ్మ.

"ఏల?"

చిలకమ్మ చేతులు దులుపుకుని లోపలికి వెళ్ళిపోయింది. ముసలమ్మ ఆ రోజంతా కోడలి అసూయ గురించి దారిన పోయేవాళ్ళకి కూడా చెప్పింది. ముసలమ్మ అన్నదాంట్లో ఒక్క మాటా అబద్ధం కాదు. అందుకే చిలకమ్మ ఎదురు చెప్పలేకపోయింది.

గురువారం ఇంకో కట్ట వచ్చింది. కట్టతో పాటు సరోజమ్మ కబురూ తెచ్చింది. ఎమిలీని డాక్టరుకి చూపించారట. రక్తం తక్కువుందట, ఆకుకూరలు బాగా పెట్టమన్నాడట.

"మట్టి పరీచ్చ అవకపోతే నాకు బయమేసుండును. ఇప్పుడు దైర్నంగా పెడతన్నాను. రెండు పూటలా తోటకూరే, ముద్దపప్పులో కలిపి."

"మరీ అంత పెట్టకు" అంది చిలకమ్మ.

"డాక్టరే సెప్పినాడు వదినా."

ఆ రెండు రోజులూ చిలకమ్మ చెయ్యని ఆలోచన లేదు. ఆవుని పట్టుకొచ్చి పక్కింటి మళ్ళో తోలేద్దామనుకుంది. కాని ఆవు తిన్నా మట్టి మట్టే, సరోజమ్మ మళ్ళీ విత్తనం జల్లుతుంది. పూరీ గేట్ వెళ్ళి విల్‌ఫ్రెడ్‌కి మాత్రం చెప్పి వచ్చేద్దామని చెప్పులు తొడుక్కుంది. వెళ్ళేసరికి అతని ఇంటికి తాళం వేసి ఉంది. పక్కవాళ్ళు అతను పెళ్ళికి టాటా ఊరెళ్ళాడన్నారు. తిరిగొస్తుంటే దారి పొడుగునా ఒకటే అనిపించింది. నిజం చెబితే లైన్లో తన మొహం ఎవరూ చూడరు. సరోజమ్మ మాత్రం ఎప్పట్లాగే అందరికీ మంచిదిగా మిగిలిపోతుంది, ఇంకా మంచిదవుతుంది కూడా. ఇంత జరిగినా ఆ లెక్క వేసుకుంటున్న తన మనసుని చూసి ఆవిడకే అసహ్యం పుట్టింది.

శనివారం మధ్యాహ్నం గోడ అవతల్నుంచి సరోజమ్మ గొంతు వినిపించింది.

"ఈ ఒక్క ముద్ద తల్లీ. రత్తం పడతాది. సూడు, ఎర్రగా ఎలాగున్నాదో."

"ఒద్దే అమ్మా. కడుపు నొప్పే" అంటోంది పిల్ల.

చిలకమ్మ గోడ ఎలా దాటిందో ఆవిడకే తెలీదు. మోచెయ్యి గీరుకుని రక్తం వచ్చింది. తిన్నగా వెళ్ళి సరోజమ్మ చేతిలో కంచం లాక్కుంది.

"పెట్టకు. ఇది ఇసం."

సరోజమ్మ తెల్లబోయింది. తర్వాత ఆవిడ మొహంలో మెల్లగా జాలి కనిపించింది. చిలకమ్మకి తిట్టుకన్నా అదే ఎక్కువ తగిలింది.

"నీ తోట పోయినాదని బాదగా ఉన్నాది. నాకు తెలుసు వదినా. కూకో."

"కాదు. చీటీలు నాను మార్సినాను. ఆదివారం, మీరు చర్చికెల్లినప్పుడు, కోడిపెట్టల్ని సూడమన్నావు గదా, అప్పుడు. సీసమున్నది మీ మట్టిలోన. నాది కాదు. మంచి కాయితం నాకు రావాలని మార్సినాను."

కొళాయి దగ్గర చేతులు తోముకుంటున్న ఆమోసు తిరిగి చూశాడు. చేతులకి సబ్బునురగ అలాగే ఉంది. అతను ఒకసారి పొయ్యి తీసేసిన చోటికి చూశాడు, అక్కణ్ణుంచి ఎర్రటి మళ్ళకేసి చూశాడు.

"బూడిద" అన్నాడు. అంతే. పిల్లనెత్తుకుని వీధిలోకి పరిగెత్తాడు, రిక్షాని కేకేస్తూ. సరోజమ్మ ఎంగిలి చేత్తోనే వెనకాల వెళ్ళింది. కంచం పట్టుకుని చిలకమ్మ ఒక్కత్తే ఆ ఇంట్లో మిగిలింది. గోడ మీద గడియారం, అలమరలో ఫ్లాస్కు, మూలన బకెట్టు, అన్నీ ఉన్నాయి. తాళం వెయ్యడానికి ఎవరూ లేరు. వాళ్ళు వచ్చేదాకా కావలి కూర్చుందామనుకుని కూడా, కంచం కింద పెట్టి తన ఇంటికి వచ్చేసింది.

ఆదివారం పొద్దున్న సరోజమ్మ ఒక్కత్తే వచ్చింది. రాత్రంతా కూర్చున్న చీర. పిల్ల బట్టలు మూటకట్టి గుమ్మంలో పెట్టి, గోనె పట్టుకుని పెరట్లోకి నడిచి మొక్కలు పీకడం మొదలుపెట్టింది. ఈసారి మట్టి దులపలేదు.

చిలకమ్మ గోడ దగ్గర నిలబడింది. "పాపకెలాగున్నాది?"

"ఉంచినారు. సూదులేస్తన్నారు. తగ్గకపోతే కలకత్తా పంపుతామన్నారు."

"నాను పీకుతాను, నువ్వెల్లు" అని చిలకమ్మ గోడ మీద చెయ్యి వేసింది.

"నువ్వు ముట్టుకోకు వదినా."

గొంతు పెంచలేదు. వదినా అనడం మానలేదు. చిలకమ్మ చెయ్యి తీసేసింది. సరోజమ్మ ఒక్కో మొక్కా లాగి గోనెలో పడేస్తూ, ఎవరితోనో చెబుతున్నట్టు అంది.

"కాయితం వొచ్చినాక బుధవారం రెండు పూటలు. గురువారం రెండు. సుక్కురవారం రెండు. ఆరు పూటలు. నా సేత్తో నానే కలిపి పెట్టినాను."

"నన్ను తిట్టీ" అంది చిలకమ్మ. "జుట్టట్టుకుని కొట్టీ."

సరోజమ్మ మూడు మళ్ళూ ఖాళీ చేసి, గోనె మూతి కట్టి, చేతులు కడుక్కుని, మూట చంకన పెట్టుకుంది. వీధి గుమ్మం దగ్గర ఆగి, అర్థం కాని సంగతి అడుగుతున్నట్టు వెనక్కి తిరిగింది.

"ఆ కాయితం నీకంత కావాల్నని ఒక్కమాట సెప్పుంటే ఇచ్చేసేదాన్ని గదా. దాంతో నాకేటి పని?"

అది చిలకమ్మకి కొత్త సంగతి కాదు. అడిగితే ఇచ్చేస్తుందని, నవ్వుతూ ఇస్తుందని, ఆ ఆదివారం రెండు చీటీలూ చేతిలో పట్టుకున్నప్పుడు కూడా ఆవిడకి తెలుసు. ఓర్చుకోలేకపోయింది ఆ ఇవ్వడాన్నే. సరోజమ్మ ఆస్పత్రి వైపు నడిచి వెళ్ళిపోయింది.